పోడు లెక్క: ఉపగ్రహం చూసేదెంత, చూడనిదెంత

2024 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఒక వార్తను తనంతట తానే విచారణకు తీసుకుంది. 2000 తర్వాత భారతదేశం 23.3 లక్షల హెక్టార్ల చెట్ల విస్తీర్ణాన్ని కోల్పోయిందని గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ ఉపగ్రహ లెక్కలు చూపుతున్నాయన్నది ఆ వార్త. అందులో అరవై శాతం అస్సాం, మిజోరం, అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్‌లలోనే పోయిందట. అదే ఏడాది డిసెంబర్‌లో భారత అటవీ సర్వే సంస్థ కొత్త నివేదిక వెలువడింది. దాని ప్రకారం దేశంలో అడవి 7,15,343 చదరపు కిలోమీటర్లు. 2001 నివేదికలో ఇదే సంస్థ చెప్పిన అంకె 6,75,538. ఒకరు పోయిందంటారు, ఇంకొకరు పెరిగిందంటారు. ఇద్దరూ ఉపగ్రహాన్నే సాక్షిగా నిలబెడతారు.

ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని తీర్పు చెప్పేస్తే పని తేలికే. కానీ ఇద్దరూ తాము కొలిచిందే చెబుతున్నారు, కొలిచినవే వేరు. ఒకరు చెట్లు కూలిన ప్రతి తావునూ కూడుతూ పోతారు. మరొకరు రెండేళ్లకోసారి ఉన్నదెంతో చూసి రాసుకుంటారు. ఈ రెండు పద్ధతుల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువగా బయటపడేది ఈశాన్యపు కొండవాలు మీద, అక్కడి జూమ్ సాగులో. మన తూర్పు కనుమల్లో దాన్నే పోడు అంటాం. లావోస్‌లో, కాంగోలో, అమెజాన్‌లో పేర్లు మారతాయి గాని పని ఒకటే: అడవి నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి, వదిలేసి, అడవి తిరిగి లేచాక మళ్లీ అక్కడికి రావడం.

ఈ పని ఏడాది పొడవునా ఎలా సాగుతుందో తెలిస్తేనే ఉపగ్రహం కష్టం అర్థమవుతుంది. మన్యంలో చలి తగ్గుతుండగా చెట్లు నరుకుతారు. నరికినవి ఎండలో ఎండుతాయి. తొలకరికి ముందు, వేసవి చివర్లో నిప్పు పెడతారు. ఆ బూడిదలో చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు, అలసందలు కలిపి చల్లుతారు. పైనుంచి చూస్తే నరికిన చోట ఆకుల నుంచి వెనక్కి తిరిగే పరారుణ కాంతి ఒక్కసారిగా పడిపోతుంది. కాలిన చోట నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ కొన్ని వారాలే ఉంటుంది. జూన్‌లో మబ్బులు కమ్ముతాయి, అవి విడిచేసరికి పొలమంతా పచ్చగా ఉంటుంది. పంట కోశాక కూడా మోళ్ల నుంచి చిగుళ్లు, గడ్డి, పొదలు లేచి పచ్చదనాన్ని నిలబెడతాయి. అటవీ సర్వే సంస్థ తన పటాలకు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తీసిన చిత్రాలు వాడుతుంది. వానలు వెలిసి ఆకాశం తేటగా ఉంటుంది, ఆకు రాలదు కాబట్టి అది సబబైన ఎంపికే. కానీ పోడు వరకు వస్తే, సంత లేని రోజున సంతవీధికి ఫోటో తీసినట్టే.

ఇక చూపు ఎంత సన్నదన్న ప్రశ్న. 1972 జూలైలో అమెరికా పంపిన తొలి లాండ్‌శాట్ చూపులో ఒక చుక్క (పిక్సెల్) సుమారు 80 మీటర్ల చదరం, అంటే దాదాపు ఎకరంన్నర. మన పోడు చెలక చాలాచోట్ల అంతే ఉంటుంది. చెలక మొత్తం ఒకే చుక్కలో పడితే అదృష్టం. సాధారణంగా నాలుగు చుక్కల మధ్య చీలిపోయి, ప్రతి చుక్కలోనూ పక్క అడవితో కలిసి మసకబారుతుంది. 1980ల్లో చుక్క 30 మీటర్లకు దిగింది, అంటే సుమారు 22 సెంట్లు. 1988లో మన ఐఆర్‌ఎస్-1ఏ వచ్చింది. ఈనాడు అటవీ సర్వే సంస్థ వాడే రిసోర్స్‌శాట్ కెమెరా చుక్క 23.5 మీటర్లు. 2015లో ఐరోపా పంపిన సెంటినెల్-2 చుక్క 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు. ఒక ఇంటి స్థలమంత జాగా కూడా దాని కంటికి ఆనుతుంది.

చూపు పదునెక్కిందంటే లెక్క తేటపడిందని అనుకోకూడదు. అటవీ సర్వే నివేదికలో ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాల లోపు జాగాలు పటంలోకే రావు. చిన్న చెలకలు చుట్టూ ఉన్న అడవిలో కలిసిపోతాయి. కొండల నీడ ఇంకో చిక్కు. ఈ ఉపగ్రహాలు మన మీదుగా పోయేది పొద్దున పది, పదిన్నర ప్రాంతంలో. చలికాలంలో ఆ వేళకి సూర్యుడు ఆగ్నేయాన వంగి ఉంటాడు. వాయవ్యానికి తిరిగిన వాలు చీకట్లో పడుతుంది. చీకటి వాలు, కాలిన చెలక ఒకే రంగులో కనిపిస్తే వాటిని విడదీయడం ఎంతటి నిపుణుడికైనా కష్టమే.

అంకెల మీద గొడవ మనకు కొత్తది కాదు. దాని మొదటి అంకం హైదరాబాద్‌లోనే జరిగింది. ఇక్కడి జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ లాండ్‌శాట్ చిత్రాలు చదివి, 1972-75లో 5.55 కోట్ల హెక్టార్లున్న అడవి 1980-82కల్లా 4.63 కోట్లకు పడిపోయిందని 1984లో ప్రకటించింది. అంటే దేశ విస్తీర్ణంలో 16.9 శాతం నుంచి 14.1 శాతానికి. రికార్డుల్లో 23 శాతం చూపించుకుంటున్న అటవీ శాఖలకు అది మింగుడుపడలేదు. తర్వాత 1987లో అటవీ సర్వే సంస్థ తొలి నివేదికలో 6.42 కోట్ల హెక్టార్లు, 19.5 శాతం అని వచ్చింది. అవే తరం ఉపగ్రహ చిత్రాలు, ఇంత వేరైన అంకెలు. ఏది అడవి అన్న నిర్వచనాన్ని కాస్త అటూ ఇటూ జరిపితే కోటి హెక్టార్లకు పైగా అటో ఇటో కదులుతాయని ఆనాడే రుజువైంది. నలభై ఏళ్ల తర్వాతా మనం అదే వాదనలో ఉన్నాం.

ఇప్పుడు అమల్లో ఉన్న నిర్వచనం ఇది: ఒక హెక్టారుకు మించిన నేల మీద పది శాతానికి మించి చెట్ల నీడ ఉంటే అది అడవి. నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. మామిడి తోట అడవి, కాఫీ తోట అడవి, వెదురు పొద అడవి. పాడేరు కొండల్లో పోడు మానిపించి వేయించిన కాఫీ తోటలు సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతాయి కాబట్టి పైనుంచి అవీ అడవే. అక్కడి గిరిజనుల చేతికి ఆ కాఫీ నాలుగు డబ్బులు తెచ్చింది, అందులో సందేహం లేదు. కానీ దాన్ని అడవి పెరిగిన ఖాతాలో రాయడం మాత్రం లెక్కల చమత్కారం. మిజోరంలో ఇంకా విచిత్రం. అక్కడ జూమ్ వదిలేసిన చోట చెట్ల కంటే ముందు వెదురు కమ్ముకుంటుంది. కొద్ది ఏళ్లకే పది శాతం గీత దాటుతుంది. పటంలో మళ్లీ అడవి అవుతుంది. అందుకే 2021 నివేదికలోనూ మిజోరం భూభాగంలో 84.53 శాతం అడవే. ఆ వెదురు దాదాపు 48 ఏళ్లకోసారి ఒకేసారి పూసి చచ్చిపోతుంది. 2006 తర్వాత అక్కడ అదే జరిగింది. పటంలో గోధుమరంగు తిరిగినదంతా గొడ్డలి పనే అనుకుంటే ఆ ఏళ్ల లెక్క తలకిందులవుతుంది.

అయితే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ దగ్గర ఈ లోపం లేదా అంటే, అక్కడ ఉన్నది ఇంకో లోపం. దాని వెనక ఉన్నది మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ హాన్సెన్ బృందం 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పని. ఒకప్పుడు ఒక్కో చిత్రానికి 600 డాలర్లు పలికిన లాండ్‌శాట్ భాండారాన్ని అమెరికా 2008లో ఉచితం చేసింది. ఆ పుణ్యమా అని ఈ బృందం 6.5 లక్షలకు పైగా చిత్రాలను గూగుల్ కంప్యూటర్లలో పోసి భూమండలం మొత్తానికి 30 మీటర్ల పటం గీసింది. 2000-2012 మధ్య 23 లక్షల చదరపు కిలోమీటర్ల చెట్ల కప్పు పోయిందని, 8 లక్షలు కొత్తగా వచ్చిందని తేల్చింది. ఈ రంగంలో దాన్ని మించిన మలుపు లేదని నా అభిప్రాయం. అంతకు ముందు పేద దేశాల పరిశోధకులు నాలుగు చిత్రాలు కొనుక్కుని పదేళ్ల మార్పు ఊహించేవారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఏ కొండనైనా ఏడాదివారీగా చూడొచ్చు.

కానీ ఆ పటం లోపలి పద్ధతి పోడుకు సరిపడదు. ఐదు మీటర్లకు మించిన ఏ మొక్కయినా దానికి చెట్టే. కాగితం మిల్లుల కోసం నరికిన సుబాబుల్, జామాయిల్ తోటలు కూడా నష్టం కిందే పడతాయి. ఒక్కో చుక్కకు నష్టం ఒక్కసారే నమోదవుతుంది. 2003లో నరికి, వదిలేసి, 2011లో మళ్లీ నరికిన చెలక దగ్గర 2003 ఒక్కటే ఉంటుంది. రెండో నరుకుడు కనిపించదు, మధ్యలో లేచిన అడవీ కనిపించదు. అంటే పోడును ఈ పటం ఒకవైపు ఎక్కువ చేసి, మరోవైపు తక్కువ చేసి చూపుతుంది. మధ్యలో ఉపగ్రహం మారి, పద్ధతి మెరుగుపడి, తర్వాతి ఏళ్లలో చిన్న చెలకలు మునుపటి కంటే ఎక్కువగా చిక్కుతున్నాయి కాబట్టి ఏళ్ల మధ్య పోలికలు జాగ్రత్తగా చేయాలని ఆ వేదికే హెచ్చరిస్తుంది. పత్రికల శీర్షికల్లోకి ఆ హెచ్చరిక రాదు. ఇంకో సంగతీ శీర్షికల్లోకి రాలేదు. అదే వేదిక లెక్కలో 2002-2023 మధ్య భారత్ కోల్పోయిన ప్రాథమిక తేమ అడవి 4.14 లక్షల హెక్టార్లు, మొత్తం నష్టంలో సుమారు 18 శాతం. మిగతా 82 శాతంలో తోటలున్నాయి, పొడి అడవులున్నాయి, ఇదివరకు ఎన్నోసార్లు నరికి వదిలిన జూమ్ బీళ్లూ ఉన్నాయి. వందేళ్లనాటి అడవి కూలడం, ఎనిమిదేళ్ల బీడు మళ్లీ చెలక కావడం ఒకే గంపలో పడ్డాయన్నమాట.

నష్టానికి కారణం చెప్పబోయిన అధ్యయనాలు ఈ ముడిని విప్పడానికి కొంత ప్రయత్నించాయి. 2018లో ఫిలిప్ కర్టిస్ బృందం భూమిని పది కిలోమీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో ప్రధాన కారణం అంటించింది. 2001-2015 నష్టంలో 27 శాతం వ్యాపార పంటలు, గనుల వంటివాటి కోసం శాశ్వతంగా పోయింది. 26 శాతం కలప కోతలు, 24 శాతం పోడు తరహా సాగు, 23 శాతం కార్చిచ్చులు. పది కిలోమీటర్ల గడి అంటే ఒక్కో గడిలో పదివేల హెక్టార్లు. మన మన్యంలో ఆ గడిలో కాఫీ ఉంటుంది, జీడిమామిడి ఉంటుంది, పోడు ఉంటుంది, రోడ్డు పని ఉంటుంది. అన్నిటికీ కలిపి ఒకే పేరు. 2025లో ఈ గడి ఒక కిలోమీటరుకు తగ్గింది, అది మేలే. కాంగో పరీవాహకంలో అలెక్సాండ్రా త్యుకావినా బృందం ఇంకో దారి పట్టింది. పటంలోని చుక్కలు కూడడం మానేసి, అక్కడక్కడా నమూనా స్థలాలు ఎంచి ఒక్కొక్కదాన్ని కళ్లతో చూసి నిర్ధారించింది. 2000-2014 మధ్య అక్కడి అడవి అలజడిలో 84 శాతం చిన్న రైతుల చేతి సాగు వల్లేనని తేలింది. నాకు నమ్మకం కుదిరే పద్ధతి ఇదే. చుక్కలు కూడగా వచ్చిన విస్తీర్ణం ఎప్పుడూ ఒక పక్కకు ఒరుగుతుందని, నమూనాలతో సరిదిద్దుకోవాలని ఈ రంగం పదేళ్ల కిందటే ఒప్పుకుంది. ప్రభుత్వ నివేదికల్లో ఆ దిద్దుబాటు ఇంకా బాగా కనిపించాలి.

ఇంతకీ ప్రపంచంలో పోడు ఎంత? 2017లో ఆండ్రియాస్ హైనిమాన్ బృందం ఉపగ్రహ పటాలను కళ్లతో వెతికి, సాగు, బీడు కలిపి 28 కోట్ల హెక్టార్లని అంచనా కట్టింది. దాని మీద బతికేవాళ్లు మూడున్నర కోట్లని ఒకరు, వంద కోట్లని ఇంకొకరు రాశారు. ఈ రెండు అంకెల మధ్య దూరమే చెబుతుంది, మనకు ఏమీ తెలియదని. మన దేశంలోనూ తీరు వేరు కాదు. 2000-2010 మధ్య పోడు విస్తీర్ణం 70 శాతం తగ్గిందని 2018లో నీతి ఆయోగ్ నివేదిక అధికారిక గణాంకాల నుంచి ఎత్తి చూపింది. పదేళ్లలో ప్రతి పదెకరాల పోడులో ఏడెకరాలు మానేశారంటే నమ్మశక్యమేనా? కొంత నిజంగా తగ్గి ఉండొచ్చు. మిగతాది కొలిచే కొలబద్ద మారడం వల్ల కావచ్చు.

అసలు కొలవాల్సినదేమిటో ఇక్కడ చెప్పాలి. పోడు అడవిని తింటోందా లేదా అన్నది ఎన్ని ఎకరాలు నరికారన్న దాని మీద తేలదు. ఒకచోట నరికి వదిలేశాక మళ్లీ అక్కడికి ఎన్నేళ్లకు వస్తున్నారన్న దాని మీద తేలుతుంది. మేఘాలయలో ఏళ్ల తరబడి పనిచేసిన పర్యావరణ శాస్త్రవేత్త పి.ఎస్. రామకృష్ణన్ చెప్పింది అదే. పడావు కాలం పదేళ్లకు తక్కువ కాకుంటే నేల సారం, దిగుబడి నిలబడతాయి. ఐదేళ్లకు జారితే రెండూ కూలతాయి. జనం పెరిగి, ప్లాంటేషన్లు, రిజర్వు గీతలు కొండను చుట్టుముట్టి, ఇరవై ముప్పై ఏళ్లుండే పడావు చాలాచోట్ల ఐదు దగ్గరికి వచ్చింది. నాగాలాండ్‌లోని ఖొనోమాలో మాత్రం పొలంలోనే ఆల్డర్ చెట్లు నిలిపి, తల నరికి, వాటి వేళ్లతో నేలకు నత్రజని చేర్చుకుంటూ తక్కువ పడావుతోనే నెట్టుకొస్తారు. ఏడాదివారీ నష్టపు పటంలో ఖొనోమా చెలక, చతికిలబడిన చెలక ఒకేలా కనిపిస్తాయి.

పడావును ఆకాశం నుంచి కొలవొచ్చా? కొలవొచ్చు. గత పదిహేనేళ్లలో ఈ రంగంలో జరిగిన మంచి పనంతా ఇదే. రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి తేడా చూసే పాత పద్ధతి పోయి, ఒక్కో చుక్క ముప్పై నలభై ఏళ్ల చరిత్రను గీతగా గీసి, ఎక్కడ పడిందో, ఎన్నేళ్లకు లేచిందో చదివే పద్ధతులు వచ్చాయి. 2010లో అమెరికాలో పుట్టిన లాండ్‌ట్రెండర్, 2014లో వచ్చిన సీసీడీసీ అలాంటివే. ఒక చుక్క 1991, 2001, 2008, 2013లలో పడిందనుకుందాం. మధ్య ఎడం పది, ఏడు, ఐదు. ఈ మూడు అంకెలు ఆ కొండ కథంతా చెబుతాయి. ఐరోపా సంయుక్త పరిశోధన కేంద్రం 2021లో ఉష్ణమండల తేమ అడవులన్నిటికీ 1990 నుంచి ఇలాంటి చరిత్ర తయారుచేసి, ముట్టని అడవిని, దెబ్బతిన్నదాన్ని, పోయినదాన్ని, తిరిగి లేచినదాన్ని విడివిడిగా చూపింది. బ్రెజిల్ 1988 నుంచి నడుపుతున్న ప్రోడెస్ ఇంకా కఠినం. ఒకసారి నరికిన చోటును శాశ్వతంగా పక్కన పెట్టి, ముట్టని అడవి నరికితేనే లెక్కిస్తుంది. దానికీ ఖరీదుంది: అక్కడ బీడు ఎంత పెద్ద అడవైనా ప్రోడెస్ లెక్కలో అది ఎప్పటికీ అడవి కాదు.

రంగును నమ్ముకున్న పద్ధతులన్నిటికీ ఒక హద్దు ఉంది. పచ్చదనం త్వరగా నిండిపోతుంది. మూడేళ్ల పొదకీ ముప్పై ఏళ్ల అడవికీ ఆకుపచ్చలో తేడా కొద్దిగానే ఉంటుంది. మానులో నిలిచిన కర్రలో మాత్రం ఎన్నో రెట్లు తేడా. ఆ కర్రను చూడాలంటే రాడార్ కావాలి. మబ్బుల్నీ అది లెక్కచేయదు. సెంటినెల్-1 రాడార్ తరంగం ఐదారు సెంటీమీటర్లే కాబట్టి పై ఆకుల దగ్గరే ఆగిపోతుంది. 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్ తరంగం కొమ్మల్లోకి దిగుతుంది. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎగరేసిన నైసార్ ఉపగ్రహంలో నాసా ఎల్-బ్యాండ్, ఇస్రో ఎస్-బ్యాండ్ రెండూ ఉన్నాయి. పన్నెండు రోజులకోసారి అదే చోటికి వస్తుంది. వానాకాలంలోనూ పోడును వదలకుండా చూడగల కన్ను మన చేతికి వచ్చినట్టే.

కన్ను ఎవరి చేతిలో ఉందన్నది వేరే సంగతి. పోడు మీద నిఘా ఉపగ్రహంతో మొదలు కాలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం కొండ మీద గీత గీసింది. పోడు మీద ఆంక్షలు 1922లో అల్లూరి సీతారామరాజు పోరుకు కారణాల్లో ఒకటి. 1940ల్లో పాపికొండల రెడ్ల మధ్య ఉండి వాళ్ల సాగును రాసిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ నుంచి ఈనాటి వరకు, దగ్గరగా చూసినవాళ్లకూ దూరం నుంచి కొలిచినవాళ్లకూ పడలేదు. ఈ అనుమానపు చూపు ఎక్కడికి దారితీస్తుందో మిజోరం చూపింది. జూమ్‌ను మానిపించి పామాయిల్, టేకు వేయించారు. దంపా పులుల అభయారణ్యం పరిసరాల్లో పక్షులను లెక్కించిన జయదేవ్ మండల్, టి.ఆర్. శంకర్ రామన్ 2016లో ప్రచురించిన దాని ప్రకారం అడవి పక్షులకు పామాయిల్, టేకు తోటల కంటే జూమ్ బీళ్లలోనే ఎక్కువ చోటు దొరికింది. పటంలో మాత్రం జూమ్ నష్టం, తోట లాభం.

హక్కుల దగ్గరికి వస్తే ఈ చిత్రాలు ఇంకా పదునైన ఆయుధాలు. అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉంటేనే హక్కు. ఆ రోజుకు చెలక ఉందా అని పాత చిత్రం తీసి చూడటం మొదలైంది. పడావులో ఉన్న చెలక ఆ ఏడాది చిత్రంలో అడవిలా కనిపిస్తే దరఖాస్తు పోయినట్టే. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యానికి తోడుగా మాత్రమే పనికొస్తుందని, దాని బదులు కాదని 2012లో సవరించిన నియమాలు స్పష్టంగా చెప్పాయి. 2013లో గుజరాత్ హైకోర్టూ అదే అంది. అయినా 2019 ఫిబ్రవరిలో, హక్కు దక్కనివారిని ఖాళీ చేయించాలన్న ఉత్తర్వులోనే (కొద్ది రోజులకే అది ఆగింది) సుప్రీంకోర్టు ఉపగ్రహ సర్వే చేసి ఆక్రమణలు చూపమని అటవీ సర్వే సంస్థను అడిగింది. తెలంగాణలో 2023లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. అక్కడి పోడు చాలావరకు ఏటా పత్తి వేసే స్థిరమైన చెలక కాబట్టి చిత్రం కొంతవరకు ఆదుకుంటుంది. రంపచోడవరం, సీతంపేట వాలుల మీద తిరుగుతూ సాగే అసలు పోడుకు ఆ ఒక్క చిత్రం అన్యాయమే చేస్తుంది.

కాబట్టి నేను అడిగేది చిన్నది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దగ్గర 1988 నుంచి మన సొంత చిత్రాలున్నాయి, లాండ్‌శాట్ అంతకు పదహారేళ్ల ముందు నుంచి ఉంది, నైసార్ వచ్చింది. అటవీ సర్వే సంస్థ రాబోయే నివేదికలో పోడు జిల్లాలకు మూడు నిలువు వరుసలు చేర్చాలి: ముట్టని అడవి ఎంత నరికారు, పాత బీడు ఎంత నరికారు, ఆ బీడు వయసు ఎంత. మూడోదాన్ని ఊరి పెద్దల చేత సరిచూపించాలి. ఏ వాలు ఎప్పుడు వదిలేశారో వాళ్లకు గుర్తుంటుంది. ఆ వరుసలు అచ్చయ్యే వరకు పోడు వల్ల ఇంత అడవి పోయిందన్న అంకె ఎవరు చెప్పినా, పాఠకులు దాన్ని సగం లెక్కగానే తీసుకోవాలి.